తీర్పు అక్కర్లేదు, వాయిదా చాలు

2021 ఫిబ్రవరి మధ్యలో టెక్సస్ మంచు కింద గడ్డకట్టుకుపోయింది. డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో స్థిరపడ్డ మన కుటుంబాలు ఎన్నో కరెంటు లేక, హీటర్ లేక, పైపులు పగిలి నీళ్లు లేక ఆ రోజులు గడిపాయి. ఇక్కడ తల్లిదండ్రులు ఫోన్ పట్టుకుని టెన్షన్ పడుతూ కూర్చున్నారు. ఆ తుఫాను వల్ల 246 మంది చనిపోయారని రాష్ట్ర ప్రభుత్వమే లెక్క తేల్చింది.

లక్షల ఇళ్లలో ఇంకా కరెంటు రాకముందే, ఫిబ్రవరి 16న గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ ఫాక్స్ న్యూస్‌లో మాట్లాడారు. గాలిమరలు, సోలార్ ఆగిపోవడం వల్లే రాష్ట్రానికి ఈ గతి పట్టిందని, చమురు, బొగ్గు వదిలి శుభ్రమైన ఇంధనానికి మారాలనే గ్రీన్ న్యూ డీల్ ప్రతిపాదన వస్తే ఎంత ప్రమాదమో దీన్నిబట్టి అర్థమవుతోందని చెప్పారు. ఆ గ్రీన్ న్యూ డీల్ టెక్సస్‌లోనే కాదు, అమెరికాలో ఎక్కడా చట్టం కాలేదు. అదే వారం సోషల్ మీడియాలో ఒక ఫొటో తిరిగింది. గడ్డకట్టిన గాలిమర మీద హెలికాప్టర్ వేడినీళ్లు చల్లుతున్న ఫొటో అది. టెక్సస్‌దని అందరూ షేర్ చేశారు. నిజానికి అది స్వీడన్‌లో ఎన్నో ఏళ్ల కిందట తీసింది.

అసలు లెక్క నవంబరులో వచ్చింది. ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ నివేదిక ప్రకారం, ఆ చలికి అనుకోకుండా ఆగిపోయిన విద్యుత్ యూనిట్లలో 58 శాతం గ్యాస్‌వి, 27 శాతం గాలివి. గ్యాస్ బావుల దగ్గర, పైపులైన్లలో నీరు గడ్డకట్టింది. కొన్ని గ్యాస్ కేంద్రాలకైతే, అత్యవసర జాబితాలో పేరు నమోదు చేయించుకోలేదు కాబట్టి కోతల్లో భాగంగా కరెంటు తీసేశారు. దాంతో గ్యాస్ ఆగింది, గ్యాస్ ఆగడంతో కరెంటు ఇంకా తగ్గింది. ఇదంతా తేలేసరికి తొమ్మిది నెలలు గడిచిపోయాయి. గాలిమరల వల్లే జరిగిందని నమ్మినవాళ్లు ఆ నివేదిక చదవలేదు, ఇక చదవరు కూడా.

ఇంకో రెండు విషయాలు అధికారిక రికార్డుల్లో ఉన్నాయి. ఆ తుఫాను రోజుల్లో గ్యాస్ ధర ఆకాశాన్నంటడం వల్ల ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ అనే పైపులైన్ కంపెనీకి సుమారు 240 కోట్ల డాలర్లు కలిసొచ్చాయి. ఆ కంపెనీ అధినేత కెల్సీ వారెన్ జూన్‌లో అబ్బాట్ ఎన్నికల నిధికి 10 లక్షల డాలర్లు ఇచ్చారు. ఇది లంచమని నేను అనడం లేదు. టెక్సస్‌లో గవర్నర్ అభ్యర్థికి ఒక వ్యక్తి ఎంత ఇవ్వొచ్చన్నదానికి పరిమితే లేదు, అంతా చట్టబద్ధం. నన్ను కలవరపెట్టేది ఆ చట్టబద్ధతే.

మన జిల్లా కోర్టుల చుట్టూ తిరిగిన రైతు ఎవరైనా ఒక సంగతి చెబుతాడు. పొలం ఎవడి స్వాధీనంలో ఉందో వాడికి తీర్పుతో పని లేదు. వాయిదా పడుతూ ఉంటే చాలు, ప్రతి ఏడూ పంట వాడే కోసుకుంటాడు. వాతావరణ మార్పు మీద 35 ఏళ్లుగా అమెరికాలో జరిగిన చర్చను నేను అర్థం చేసుకున్నది ఇలాగే. చమురు, బొగ్గు కంపెనీలకు శాస్త్రవేత్తల మీద గెలవాలన్న పట్టుదల పెద్దగా ఎప్పుడూ లేదు. కేసు ఇంకా తేలలేదని జనం అనుకుంటే వాటికి సరిపోతుంది.

అసలు సంగతి వాటికి ముందే తెలుసు. 1977 జులైలో జేమ్స్ బ్లాక్ అనే శాస్త్రవేత్త అమెరికా చమురు కంపెనీ ఎక్సాన్ పెద్దల కమిటీ ముందు కూర్చుని, బొగ్గు, చమురు మండించడం వల్ల గాలిలో పెరిగే కార్బన్ డయాక్సైడ్ భూమిని వేడెక్కిస్తుందని చెప్పాడు. ఆయన ఆ కంపెనీ ఉద్యోగే. 1979లో ఎక్సాన్ తన ఎస్సో అట్లాంటిక్ అనే భారీ ట్యాంకర్ ఓడలో పరికరాలు బిగించి, సముద్రం మీది గాలిలో, నీటిలో ఆ వాయువు ఎంతుందో కొలవడం మొదలుపెట్టింది. 1982లో కంపెనీ లోపలి నివేదికలో ఒక గ్రాఫ్ గీశారు. 2019 ప్రాంతానికి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 415 పీపీఎం (పది లక్షల పాళ్లలో 415 పాళ్లు) దగ్గరికి చేరుతుందని, ఉష్ణోగ్రత దాదాపు 0.9 డిగ్రీలు పెరుగుతుందని అందులో చూపించారు. 2019 మే నెలలో హవాయిలోని మౌనా లోవా కేంద్రంలో కొలత 415 దగ్గరికి వచ్చింది. 2023 జనవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన కోసం జెఫ్రీ సుప్రాన్ బృందం ఎక్సాన్ పాత అంచనాలన్నిటినీ ముందు పెట్టుకుని చూస్తే, ఉష్ణోగ్రత మీద వేసిన అంచనాల్లో 63 నుంచి 83 శాతం నిజమయ్యాయని తేలింది. స్వతంత్ర శాస్త్రవేత్తలు వేసిన లెక్కలకు అవి ఏమాత్రం తీసిపోలేదు.

1988 జూన్ 23న నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు, భూమి వేడెక్కడం మొదలైపోయిందని చెప్పాడు. ఆ ఆగస్టులో ఎక్సాన్ లోపల తయారైన ఒక నోట్‌లో కంపెనీ వైఖరి ఎలా ఉండాలో రాశారు: శాస్త్ర నిర్ధారణల్లో ఉన్న అనిశ్చితిని నొక్కి చెప్పాలి. తెలిసిన విషయం పక్కకు పోయి, తెలియని విషయం ముందుకొచ్చింది. మరుసటి ఏడాదే చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కలిసి, వాతావరణ చర్యలను అడ్డుకోవడానికి గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ పెట్టుకున్నాయి. 2002 దాకా అది నడిచింది.

ఈ పని రోజువారీగా ఎలా సాగిందో చూడాలంటే న్యూయార్క్ టైమ్స్ పాత సంచికలు తిరగేయాలి. మొబిల్ కంపెనీ దాదాపు 30 ఏళ్ల పాటు ఆ పత్రిక అభిప్రాయాల పేజీలో, వ్యాసంలాగే కనిపించే ప్రకటనలు వేయించింది. ఎక్కువగా గురువారాలు వచ్చేవి. ఎక్సాన్‌తో విలీనమయ్యాక 2000 సంవత్సరంలో వచ్చిన ఒక ప్రకటన, వాతావరణ శాస్త్రం ఇంకా తేలలేదని చెబుతూ ఒక గ్రాఫ్ వేసింది. అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రంలో గత 3 వేల ఏళ్ల ఉష్ణోగ్రతల గ్రాఫ్ అది. ఇదివరకు ఇంతకన్నా వేడిగా ఉన్న రోజులున్నాయి కాబట్టి ఇప్పుడు కంగారు అనవసరమని పాఠకుడు అనుకునేలా దాన్ని పెట్టారు. ఆ లెక్కలు కట్టిన శాస్త్రవేత్త లాయిడ్ కీగ్విన్ తన డేటాను తప్పుదోవ పట్టించేలా వాడారని అభ్యంతరం చెప్పాడు. ఒక చోట సముద్రపు వేడిని మొత్తం భూమికి అంటగడితే ఎలా అన్నది ఆయన బాధ. ప్రకటన పడింది దేశమంతా చదివే పేజీలో. ఆయన మాట ఎంతమందికి చేరి ఉంటుంది?

1998లో చమురు కంపెనీల సంఘమైన అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఆధ్వర్యంలో తయారైన ఒక పథకం పత్రికలకు లీకైంది. వాతావరణ శాస్త్రంలో అనిశ్చితి ఉందని సగటు పౌరుడు గ్రహించిన రోజు మనం గెలిచినట్టు, మీడియా కూడా అలాగే అనుకున్న రోజు మనం గెలిచినట్టు అని అందులో రాసుకున్నారు. తమ లెక్క సరైనదని నిరూపించాలన్న మాటే లక్ష్యాల్లో కనపడదు. మీడియా విషయంలో వాళ్లు దాదాపు అనుకున్నది సాధించారు. 1988 నుంచి 2002 దాకా నాలుగు పెద్ద అమెరికన్ పత్రికల్లో వచ్చిన కథనాలను బాయ్‌కాఫ్ సోదరులు పరిశీలిస్తే, సగానికి పైగా కథనాల్లో మనిషి వల్ల వేడెక్కుతోందన్న మాటకు, కాదన్న మాటకు సమానంగా చోటిచ్చారు. జర్నలిజంలో ఇద్దరి మాటా వినడం మంచి అలవాటే. నేనూ ఆ అలవాటును గౌరవిస్తాను. కానీ ఒక పక్క వేలమంది పరిశోధకులు, ఇంకో పక్క కంపెనీ నిధులతో నడిచే పది సంస్థల ప్రతినిధులు ఉన్నప్పుడు చెరి సగం చోటివ్వడం పాఠకుడికి చేసే అన్యాయం. మన తెలుగు చానళ్ల డిబేట్లలో కూడా ఇదే జరుగుతుంది. నలుగురిని కూర్చోబెట్టి గట్టిగా అరిచినవాడికి ఎక్కువ సమయం ఇస్తే సమతూకం పాటించినట్టు లెక్క.

ఈ వాయిదాల కథలో ఇండియా పేరు కూడా వాడుకున్నారు. 1997లో, సంపన్న దేశాలు కార్బన్ లాంటి వాయువులు తగ్గించాలన్న క్యోటో ఒప్పందం ముందు అమెరికాలో సుమారు 1.3 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి టీవీ ప్రకటనల ప్రచారం నడిపారు. ప్రపంచ పటం తెర మీద ఉంటుంది. కత్తెరతో ఇండియా, చైనా లాంటి దేశాలను కత్తిరించి తీసేస్తారు. వీళ్లకు లేని షరతులు మనకెందుకు అన్నది సారాంశం. ఆ ఏడాది జులైలో సెనేట్ 95-0 ఓట్లతో, వర్ధమాన దేశాలు కూడా కోతలకు ఒప్పుకుంటే తప్ప అమెరికా సంతకం చేయరాదని తీర్మానించింది. రెండు పార్టీల వాళ్లూ ఓటేశారు. అప్పట్లో సగటు అమెరికన్ గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ సగటు భారతీయుడు వదిలేదానికి దాదాపు 20 రెట్లు. అక్టోబరులో ఎక్సాన్ అధిపతి లీ రేమండ్ బీజింగ్‌కు వచ్చి, ఇప్పుడు చర్య తీసుకున్నా 20 ఏళ్ల తర్వాత తీసుకున్నా వచ్చే శతాబ్దం మధ్యలో ఉష్ణోగ్రతకు పెద్దగా తేడా ఉండదని ఆసియా దేశాల ముందు ప్రసంగించాడు. తమ దేశంలో ఇండియా, చైనాలను సాకుగా చూపించడం, ఆసియాకు వచ్చి తొందరేం లేదని చెప్పడం. రెండు చోట్లా ఫలితం ఒకటే, వాయిదా. 2001 మార్చిలో జార్జ్ బుష్ ప్రభుత్వం క్యోటో నుంచి తప్పుకుంది.

ఇక్కడ రాజకీయం ఎలా మారిందో కొంచెం ఆగి చూడాలి. ఇది మొదటినుంచీ రిపబ్లికన్ పార్టీ స్వభావం అనుకుంటే పొరపాటు. 1988లో సీనియర్ బుష్ గ్రీన్‌హౌస్ ప్రభావాన్ని వైట్‌హౌస్ ప్రభావంతో ఎదుర్కొంటానని ఎన్నికల్లో చెప్పుకున్నాడు. 2008లో రిపబ్లికన్ నేత న్యూట్ గింగ్రిచ్, డెమోక్రాట్ నాన్సీ పెలోసీతో కలిసి ఒకే సోఫాలో కూర్చుని, వాతావరణం మీద చర్య తీసుకోవాలని టీవీ ప్రకటన చేశాడు. ఆ ఏడాది రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి జాన్ మెకెయిన్ కూడా కార్బన్ మీద పరిమితి పెడతానన్నవాడే. రెండేళ్లలో అంతా తలకిందులైంది. 2009 జూన్‌లో కార్బన్ పరిమితి బిల్లు ప్రతినిధుల సభలో 219-212తో గట్టెక్కి, సెనేట్‌లో ఓటింగ్ దాకా రాకుండానే చచ్చిపోయింది. 2010 జనవరిలో సిటిజన్స్ యునైటెడ్ కేసులో సుప్రీంకోర్టు, కంపెనీలు ఎన్నికల ప్రచారం మీద సొంతంగా ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చని చెప్పింది. చమురు వ్యాపారులైన కోక్ సోదరుల డబ్బుతో పుట్టిన అమెరికన్స్ ఫర్ ప్రాస్పరిటీ సంస్థ, వాతావరణం పేరుతో ఏ కొత్త పన్నుకూ ఒప్పుకోనని నాయకుల చేత సంతకాలు పెట్టించింది. 2013 నాటికి సంతకం పెట్టినవాళ్లు 400 మంది దాటారు. సౌత్ కరోలినా సభ్యుడు బాబ్ ఇంగ్లిస్ వాతావరణ మార్పు నిజమన్నాడు, 2010 జూన్‌లో సొంత పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రైమరీలోనే చిత్తుగా ఓడిపోయాడు. ఓటమికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, అన్నిటికన్నా ఓటర్లు క్షమించనిది ఇదేనని ఆయనే తర్వాత చెప్పాడు. ఆ ఒక్క ఓటమి ఎంతమంది నోళ్లు మూయించి ఉంటుందో ఊహించుకోవచ్చు. డబ్బుకు అందరినీ ఓడించాల్సిన పని లేదు.

డెమోక్రాట్లు కడిగిన ముత్యాలేం కాదు. బొగ్గు రాష్ట్రం వెస్ట్ వర్జీనియా నుంచి జో మాంచిన్ 2010 ఎన్నికల్లో ఒక టీవీ ప్రకటన చేశాడు. అందులో ఆయన రైఫిల్ ఎత్తి, కార్బన్ బిల్లు కాగితాన్ని పేల్చేస్తాడు. ఆయన కుటుంబానికి బొగ్గు వ్యాపార కంపెనీ ఉంది, సెనేటర్‌గా ఉన్నప్పుడు దానినుంచి ఆయనకు ఏటా దాదాపు 5 లక్షల డాలర్లు వచ్చినట్టు ఆయన ఆస్తుల ప్రకటనల్లోనే ఉంది. 2021లో సెనేట్ ఎనర్జీ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. విద్యుత్ కంపెనీలను శుభ్రమైన ఇంధనం వైపు నెట్టే పథకాన్ని బైడెన్ బిల్లులోంచి తీయించిందీ ఆయనే. మరుసటి ఏడాది కుదించిన రూపంలో బిల్లు గట్టెక్కిందంటే అదీ ఆయన ఓటుతోనే.

పర్యావరణ సంస్థల వైపు కూడా డబ్బు ఆడింది, ఆ మాట దాచిపెట్టకూడదు. అమెరికాలో పేరున్న సియెరా క్లబ్, బొగ్గు విద్యుత్‌కు వ్యతిరేకంగా ప్రచారం చేస్తూ, 2007 నుంచి 2010 మధ్య గ్యాస్ పరిశ్రమ నుంచి 2.6 కోట్ల డాలర్లు తీసుకుంది. ఎక్కువ భాగం ఇచ్చింది చెసపీక్ ఎనర్జీ వాళ్లు. బొగ్గు మూతపడితే లాభం గ్యాస్‌కే కదా. సంగతి బయటపడ్డాక సభ్యులు మండిపడ్డారు. కోటీశ్వరుడు టామ్ స్టేయర్ 2014 ఎన్నికల్లో వాతావరణం పేరు మీద 7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టాడు. అయినా రెండు పక్షాలూ సమానమే అనే మాట నేను ఒప్పుకోను. స్టేయర్ తన పేరుతో ఖర్చుపెట్టాడు. రెండో వైపు, 2008 తర్వాత ఎక్సాన్, కోక్ పేర్లు దాతల జాబితాల్లో తగ్గిపోయి, ఎవరిచ్చారో చెప్పనక్కర్లేని డోనర్స్ ట్రస్ట్ లాంటి సంస్థల వాటా పెరిగిందని రాబర్ట్ బ్రూల్ 2013లో చేసిన పరిశోధనలో తేలింది. ఇచ్చినవాడి పేరు తెలిస్తే వినేవాడు కనీసం ఒక నిమిషం ఆలోచిస్తాడు.

2024 ఏప్రిల్‌లో ట్రంప్ తన మార్-ఎ-లాగో నివాసంలో చమురు కంపెనీల పెద్దలను కూర్చోబెట్టుకుని, 100 కోట్ల డాలర్లు సమీకరించి పెట్టండి, మీకు అడ్డుగా ఉన్న నిబంధనలు తీసేస్తానని అన్నట్టు వాషింగ్టన్ పోస్ట్ రాసింది. 2025 జనవరి 20న, పదవి చేపట్టిన రోజే, వాతావరణం మీద ప్రపంచ దేశాలు చేసుకున్న పారిస్ ఒప్పందం నుంచి మళ్లీ వైదొలగే ఉత్తర్వు మీద సంతకం చేశాడు.

మన దగ్గరికి వద్దాం. ఇండియాలో వాతావరణ మార్పు అబద్ధమని చెప్పే నాయకుడు అరుదు. 2015 మేలో వడగాడ్పులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే, అందులో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వాళ్లే. కూలి పనికి పోయినవాళ్లు, ముసలివాళ్లు. ఎండ పెరిగిందని ఇక్కడ ఎవరికీ రుజువు చూపించనక్కర్లేదు. మన దగ్గర డబ్బు చేసే పని వేరే. అది చర్చను లేవనివ్వదు.

దేశంలో కరెంటులో సుమారు 70 శాతం బొగ్గుదే. రైల్వే మోసే సరుకులో బరువు ప్రకారం దాదాపు సగం బొగ్గే, ఆ రాబడితోనే ప్యాసింజర్ టికెట్ చవగ్గా దొరుకుతోంది. రాష్ట్రాలకు రాయల్టీ వస్తుంది. కేంద్రానికి పన్ను వస్తుంది. ఆ పన్ను కథ ఒక్కటి చూడండి. 2010లో కేంద్రం టన్ను బొగ్గుకు 50 రూపాయల చొప్పున క్లీన్ ఎనర్జీ సెస్ వేసింది, 2016కల్లా అది 400 అయింది. శుభ్రమైన ఇంధనానికి నిధి అన్నారు. 86 వేల కోట్లకు పైగా వసూలైతే నిధికి చేరింది 30 వేల కోట్లలోపు, అందులో ప్రాజెక్టులకు వెళ్లింది 16 వేల కోట్లలోపు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సెస్‌ను రాష్ట్రాల నష్టపరిహారంలో కలిపేశారు, 2025 సెప్టెంబరులో ఎత్తేసి జీఎస్టీ 18 శాతం చేశారు. ఇంత డబ్బు దారి మళ్లితే ఏ ప్రతిపక్షమూ రోడ్డెక్కలేదు, ఎందుకంటే పరిహారం తీసుకున్న రాష్ట్రాల్లో అన్ని పార్టీల ప్రభుత్వాలూ ఉన్నాయి.

ఎన్నికల బాండ్ల దారిలో పార్టీలకు డబ్బు ఎవరిచ్చారన్నది 2024 దాకా మనకు తెలియదు. ఆ ఏడాది ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఎన్నికల బాండ్లను కొట్టేసి పేర్లు బయటపెట్టమంటే, హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్ 966 కోట్లతో రెండో స్థానంలో, గనుల కంపెనీ వేదాంత సుమారు 400 కోట్లతో ముందు వరుసలో కనిపించాయి. ఎవరికి ఎందుకు ఇచ్చారో నేను చెప్పలేను. ఏళ్ల తరబడి ఓటరు ఆ ప్రశ్న అడిగే వీలే లేకుండా చేశారన్నది మాత్రం కోర్టే చెప్పిన మాట.

సింగరేణి దగ్గర ఈ మౌనం ఇంకా బాగా తెలుస్తుంది. 51 శాతం తెలంగాణది, 49 శాతం కేంద్రానిది. దసరా ముందు కార్మికులకు లాభాల వాటా ప్రకటిస్తారు, 2024లో అది సుమారు 796 కోట్లు. గోదావరిఖనిలో, మందమర్రిలో, కొత్తగూడెంలో బట్టల షాపు నుంచి బైక్ షోరూం దాకా ఆ డబ్బు కోసం ఎదురుచూస్తాయి. ఆ కార్మికుడు భూగర్భంలో ఒళ్లు హూనం చేసుకుని సంపాదించిన వాటాను ఎక్సాన్ లాభంతో కలిపి మాట్లాడటం పాపం. కానీ ఆ వాటా చుట్టూ అల్లుకున్న రాజకీయం కార్మికుడికి అసలు విషయం చెప్పడం లేదు. 2024 జూన్ 21న బొగ్గు బ్లాకుల వేలం హైదరాబాద్‌లో మొదలుపెట్టారు, జాబితాలో మంచిర్యాల జిల్లా శ్రావణపల్లి బ్లాకు కూడా ఉంది. సింగరేణికి ద్రోహం చేసింది ఎవరని బీఆర్‌ఎస్, కాంగ్రెస్, బీజేపీ వారాల తరబడి తిట్టుకున్నాయి. బ్లాకు ఎవరికి దక్కాలన్నదే గొడవంతా. ఇంకో 20 ఏళ్ల తర్వాత ఆ బొగ్గును కొనేదెవరని మూడు పార్టీల్లో ఒక్కరూ అడగలేదు.

సింగరేణిలో 1990ల మొదట్లో లక్షకు పైగా ఉద్యోగులుండేవారు, ఇప్పుడు 40 వేల దగ్గరున్నారు. ఆ ఉద్యోగాలు పోయింది వాతావరణ ఒప్పందాల వల్ల కాదు. ఓపెన్‌కాస్ట్ యంత్రాలు, కాంట్రాక్టు పని, అయిపోయిన గనులు తినేశాయి. బెల్లంపల్లిలో గనులు మూతపడ్డాక ఊరు ఎలా చిక్కిపోయిందో అక్కడివాళ్లకు తెలుసు. ఆ ఊరికి ముందస్తుగా ఎవరూ ఏ ప్రణాళికా ఇవ్వలేదు. సంస్థ ఇప్పుడు సోలార్ ప్లాంట్లు పెట్టింది, బొగ్గు కోసం ఒడిశాలోని నైనీ దాకా వెళ్లింది. అంటే యాజమాన్యానికి ముందు ఏముందో తెలుసు.

పాశ్చాత్య దేశాలు చేసిన పాపానికి మనం ఎందుకు మూల్యం చెల్లించాలన్న ప్రశ్న న్యాయమైనది. ఇప్పటికీ సగటు అమెరికన్ వదిలే కార్బన్ మనకు ఆరేడు రెట్లు. అంతర్జాతీయ సభల్లో మన ప్రభుత్వం ఈ మాట గట్టిగా అనాల్సిందే. అక్కడ అనాల్సిన మాటను కొత్తగూడెంలో, రామగుండంలో నోరు మూయించడానికి వాడటం మీదే నా అభ్యంతరం. గనుల వారీగా ఎంత బొగ్గు మిగిలింది, ఏ గని ఏ ఏడాది మూతపడుతుంది, అప్పటికి అక్కడ పనిచేసేవాళ్లలో పర్మినెంట్ ఎంతమంది, కాంట్రాక్టు ఎంతమంది, వాళ్లకోసం లాభాల్లోంచి ఇప్పటినుంచే ఎంత పక్కన పెడుతున్నారు? ఈ లెక్కలు సింగరేణి దగ్గర ఉన్నాయి, లేకపోతే కట్టగలదు. అసెంబ్లీలో వాటిని బల్ల మీద పెట్టమని అడగడానికి ఒక్క ఎమ్మెల్యే చాలు. వచ్చే యూనియన్ ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి సంఘాన్నీ కార్మికులు ఈ నాలుగు ప్రశ్నలే ముందు అడగాలి.